గట్టు మీది గుంటగలగర – తలనూనెకు కోయుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో గుంటగలగరను ఎరుగని రైతు ఉండడు. కాలువ ఒడ్డున, బోదె గట్టున, వరిచేనిలో నీరు పలుచగా నిలుచు చోట్ల ఈ మొక్క తనంతట తానే మొలచును. చేనిలో ఉన్నప్పుడు దీనిని కలుపు అందుము. ఇంటికి తెచ్చినప్పుడు మూలిక అందుము.

రామాపురములో సార్వా వరిలో కలుపు నివారణను గూర్చి రైతులతో ముచ్చటించుచుండగా ఒక వృద్ధురాలు లేచి ఇట్లు అడిగినది: "బాబూ, గట్ల మీద కలుపు మందు కొట్టమని చెప్పేదీ మీరే. మా తలనూనెకు ఆకు కోసుకొనేదీ ఆ గట్ల మీదే. మందు పడిన ఆకు తలకు రాసుకోవచ్చా? కూడదంటే ఇంకెక్కడ కోసుకోమంటారు?"

అక్కడివారు నవ్విరి గాని, అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఆనాడు నేను చెప్పిన జవాబు అరకొరగా ఉండెను. దానిని పూర్తిగా చెప్పుటకే ఈ వ్యాసము. కేశసంరక్షణకు మన ఇండ్లలో వాడు మూలికలు మంచివే. అయితే ఏ మొక్కను, ఎక్కడ కోసి, ఏ పనికి వాడవలెనో తెలిసినప్పుడే అవి మేలు చేయును.

వెండ్రుక స్వభావము

మొక్కకు వేరు ఎట్లో వెండ్రుకకు కుదురు అట్లు. చర్మము లోపల నున్న కుదురే జీవముగల భాగము. పైకి కనబడు వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడిన నిర్జీవ పదార్థము. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. కొన్ని సంవత్సరములు పెరిగిన పిమ్మట విశ్రాంతి పొంది రాలును, అదే కుదురు నుండి మరల క్రొత్తది మొలచును. దినమునకు 50 నుండి 100 వెండ్రుకలు రాలుట సహజము. దువ్వెనలో నాలుగు వెండ్రుకలు కనబడినంత మాత్రమున భయపడ నక్కరలేదు.

టైఫాయిడు, డెంగ్యూ వంటి జ్వరములు తగిలినను, కాన్పు అయినను, రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా రాలును. ఆ సమయమున ఇంటిలో ఏదో ఒక నూనె కాచి రాయుదురు. ఆరు నెలలలో జుట్టు మరల వచ్చును. కీర్తి నూనెకు దక్కును. నిజమునకు ఆ జుట్టు చాలవరకు తనంతట తానే వచ్చునట్టిది. నూనె రాయుట తప్పని నేను చెప్పుట లేదు. నూనె చేసిన పనిని, కాలము చేసిన పనిని వేరుగా చూడవలెనని మాత్రమే మనవి.

రక్తహీనత వలన కూడ జుట్టు రాలును. అట్టివారికి తలకు రాయు నూనె కంటె కడుపులోనికి పోవు తిండి ముఖ్యము. తోటకూర, మునగాకు, నువ్వులు, పప్పులు తరచు తినవలెను. వానితోపాటు ఉసిరికాయ గాని నిమ్మరసము గాని తీసికొనినచో అందులోని విటమిన్ సి వలన ఇనుము శరీరమునకు బాగుగా పట్టును. రక్తహీనత ఎక్కువగా ఉన్నచో ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష చేయించుకొని ఇనుము మాత్రలు వాడవలెను.

గుంటగలగరను గుర్తించుట

దీనికి సంస్కృతమున భృంగరాజమని పేరు. వృక్షశాస్త్రములో ఎక్లిప్టా ప్రోస్ట్రేటా అందురు. ఇది ప్రొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. కాండము నేలపై ప్రాకుచు కణుపుల వద్ద వేళ్ళు వేయును, కొన్ని నిటారుగా కూడ నిలుచును. ఆకులు ఎదురెదురుగా, సన్నగా పొడవుగా, తొడిమ దాదాపు లేకుండ ఉండును. తాకిన గరుకుగా తగులును. పూలు చిన్నవి, తెల్లనివి. లేత కాండమును త్రుంచి నలిపినచో రసము కొద్దిసేపటిలో నల్లబడును. ఈ నలుపే దీనికి ముఖ్యమైన గుర్తు.

దీనికి బదులు పొరపాటున కోయదగిన మొక్కలు రెండు కలవు. మొదటిది గడ్డిచామంతి. దీని పూవు పొడవైన కాడ చివర ఒంటరిగా నిలుచును, నడుమ పసుపుపచ్చగా ఉండును. దీనివలన పెద్ద హాని లేదు గాని ఇది గుంటగలగర కాదు. రెండవది వయ్యారిభామ. దీనిని కొందరు కాంగ్రెసు గడ్డి అందురు. దీని పూలును చిన్నవి, తెల్లనివి. అయితే ఆకులు క్యారెట్ ఆకువలె లోతుగా చీలి ఉండును. ఇది చర్మమునకు తగిలిన దురద, దద్దురులు, కొందరికి తీవ్రమైన చర్మవ్యాధి కలుగును. దీనిని నూరి తలకు పెట్టుట ఎంత ప్రమాదమో చెప్పనవసరము లేదు. పూవును బట్టి గాక ఆకును బట్టి, నల్లబడు రసమును బట్టి పోల్చుకొనవలెను. అనుమానమున్న మొక్కను విడిచిపెట్టుట మేలు.

ఈ మొక్క గుణమేమి? ఇందులో వెడెలోలాక్టోన్ మొదలగు పదార్థములు కలవు. దీని సారమును ఎలుకలపై పూసి చూచిన ప్రయోగములలో వెండ్రుకల పెరుగుదల త్వరపడినట్లు కనబడినది. మనుష్యులపై అంతటి బలమైన రుజువు లేదు. కావున "బట్టతలపై జుట్టు మొలచును", "తెల్లజుట్టు నల్లబడును" అను మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకొనరాదు.

మందు పడిన గట్టున కోయరాదు

ఇక వృద్ధురాలి ప్రశ్నకు వచ్చెదను. వరిలో వెడల్పాకు కలుపుపై 2,4-డి వంటి మందులు వాడుదురు. వరి కోసిన పిమ్మట దున్నకుండ మొక్కజొన్న విత్తు చేలలో, విత్తుటకు ముందు కలుపును చంపుటకు పారాక్వాట్ వంటి మందులు చల్లుట మన ప్రాంతమున ఉన్నది. గట్లపై గ్లైఫోసేట్ చల్లువారును కలరు.

ఇందులో గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. పారాక్వాట్ పడిన ఆకు ఒకటి రెండు దినములలోనే మాడి కనబడును. గ్లైఫోసేట్ అట్లు గాక మొక్క అంతటా ప్రాకి నెమ్మదిగా పనిచేయును. ఆకు పసుపుబారుటకు వారము, పది దినములు పట్టును. అంతవరకు మొక్క పచ్చగా, ఆరోగ్యముగానే కనబడును. ఆకు పచ్చగా ఉన్నది గనుక మందు పడలేదు అనుకొనరాదు. చూపును బట్టి గాక చేను గలవారిని అడిగి తెలిసికొనవలెను.

నూనెలో కాచినచో విషము విరుగునని కొందరు తలంతురు. పొయ్యి మీద కాచుట విరుగుడు కాదు. కడిగినంత మాత్రమున మొక్క లోపల ప్రాకిన మందు పోదు. తలపై గోకుడు గాయములు, కురుపులు ఉన్నచో మందు చర్మము గుండ లోనికి మరింత సులువుగా పోవును. కావున ఈ నియమములు పాటింపుడు:

1. కలుపు మందు గాని, పురుగు మందు గాని చల్లిన గట్టున ఆ పంటకాలమంతయు ఆకు కోయరాదు.
2. ప్రక్క చేనిలో చల్లినను గాలికి తుంపరలు వచ్చి పడును. చల్లిన చేనికి ఆనుకొని ఉన్న గట్టునూ విడువవలెను.
3. మురుగు కాలువ ఒడ్డున, వాహనములు తిరుగు రోడ్డు అంచున కోయరాదు.
4. మందు చల్లు రైతు తన గట్టుకు ఒక కర్ర పాతి గుడ్డపీలిక కట్టవలెను. అది చూచి ఆకు కోయువారు, పశువులకు గడ్డి కోయువారు తొలగిపోవుదురు.

నాలుగవ నియమమునకు ఖర్చు లేదు. ఊరందరు అనుకొన్నచో ఒక్క దినములో అమలు చేయవచ్చును.

పెరటిలో ఒక మడి

"ఇంకెక్కడ కోసుకోమంటారు?" అన్న ప్రశ్నకు జవాబు పెరటిలోనే ఉన్నది. బోరింగు వద్దనో, కుళాయి వద్దనో మంచినీరు జారు చోట గజము పొడవు, గజము వెడల్పు గల మడి ఒక ఇంటికి చాలును. సబ్బు నీరు పారు చోట మాత్రము వద్దు.

మందు పడని చోటి నుండి వేళ్ళు గల కణుపు ముక్కలను తెచ్చి జానెడు దూరమున నాటవలెను. విత్తనముతోనూ పెంచవచ్చును. విత్తనము చాల చిన్నది. మొలచుటకు వెలుతురు కావలెను గనుక పైన మట్టి కప్పరాదు. తడి మట్టిపై చల్లి, అరచేతితో మెల్లగా అదిమి, తేమ ఆరకుండ చూచినచో చాలును. చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు చాలును. రెండు నెలలలో పూతకు వచ్చును. పూత తొడగుచున్నప్పుడు నేలకు నాలుగు అంగుళముల ఎత్తున కోసినచో మరల చిగిర్చును. గింజ కట్టనిచ్చినచో పెరడంతయు ప్రాకును, చేనిలోనికి పోయి కలుపు అగును. కావున గింజ పడకముందే కోయవలెను. మిగిలిన ఆకును నీడలో ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో దాచవలెను.

నూనె కాచు విధము

తైలము కాచుటకు ఆయుర్వేదములో సామాన్యముగా చెప్పు కొలత ఇది: నూరిన ముద్ద 1 పాలు, నూనె 4 పాళ్ళు, రసము 16 పాళ్ళు. ఇంటికి సరిపోవునట్లు చెప్పవలెనన్న, ఆకు ముద్ద 25 గ్రాములు, నువ్వుల నూనె గాని కొబ్బరి నూనె గాని 100 మిల్లీలీటర్లు, వడగట్టిన ఆకు రసము 400 మిల్లీలీటర్లు.

ఆకును శుభ్రముగా కడిగి, దంచి, రసము పిండవలెను. అడుగు మందము గల లోతైన గిన్నెలో మూడింటిని కలిపి సన్నని సెగపై కాచవలెను. గిన్నె సగమునకు మించి నింపరాదు. మాటిమాటికి కలుపవలెను. నీరంతయు ఇగిరిపోవు వరకు ఓపిక పట్టవలెను. గుర్తు ఏమనగా, ముద్దను వేళ్ళ మధ్య నలిపిన వత్తివలె చుట్టుకొనును. నూనెలో ముంచిన దూదివత్తిని దూరముగా వెలిగించి చూచిన చిటపటలాడకుండ మండును. చిటపటలాడినచో ఇంకను నీరున్నదని తెలిసికొనవలెను. నీరు మిగిలిన నూనె కొద్ది దినములలో బూజు పట్టి చెడును. దింపి, చల్లార్చి, పొడిగుడ్డతో వడగట్టి, తడిలేని సీసాలో పోయవలెను.

క్రొత్త నూనెను మొదట మోచేతి మడతలో రాసి ఒక దినము చూడవలెను. దురద గాని దద్దురు గాని లేనిచో తలకు వాడవచ్చును. వారమునకు ఒకటి రెండు సార్లు రాసి, గంటసేపు ఉంచి తలంటుకొనిన చాలును. దీని ముఖ్య ప్రయోజనము వెండ్రుక పొడిబారకుండ, చిట్లకుండ కాపాడుట. కొబ్బరి నూనె వెండ్రుక లోనికి చొచ్చి అందలి మాంసకృత్తు నష్టమును తగ్గించునని 2003లో ప్రకటితమైన ఒక భారతీయ పరిశోధనలో తేలినది. మన బాపట్ల తీరపు ఇసుక నేలల కొబ్బరి ఈ పనికి దగ్గరలోనే దొరకును.

తక్కిన మూలికలు

కుంకుడు: కాయ కండలోని సాపోనిన్ వలన నురుగు వచ్చి మురికి వదలును. నాలుగైదు కాయల గింజ తీసి, చితుకగొట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి పిసికి వడగట్టవలెను. కంటిలో పడనీయరాదు. పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడుగవలెను. ఈ రసము చేపలకు విషము. చెరువు గట్టున తలంటుకొని రసమును చెరువులోనికి వదలుట, చేపల చెరువులు గల రేపల్లె, బాపట్ల ప్రాంతములవారు ముఖ్యముగా మానవలెను. విత్తనముతో పెంచిన చెట్టు కాపునకు వచ్చుటకు 8–10 సంవత్సరములు పట్టును. కావున దొడ్డి హద్దున ఒక మొక్క నేడే నాటుట మంచిది.

శీకాయ: ఇది కొండ అడవులలో ప్రాకు ముండ్ల తీగ. మన డెల్టా పంట కాదు. విశాఖ మన్యము మొదలగు చోట్ల గిరిజనులు సేకరించు కాయను 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కొని అమ్ముచున్నది. పొడి కొనుటకంటె కాయ కొని ఇంట దంచుకొనిన కల్తీ భయముండదు.

మందార: ఆకులో జిగురు ఎక్కువ. ఆకు నూరి తలకు పట్టించి కడిగిన వెండ్రుకలు మెత్తబడి చిక్కు సులువుగా వదలును. తొలకరిలో పెన్సిలు లావు గల జానెడు కొమ్మను నాటిన బ్రతుకును. మందారకు తెల్లని పిండినల్లి తరచు పట్టును. అది బెండ, పత్తి పైర్లకు కూడ ప్రాకును. పట్టిన కొమ్మలను కత్తిరించి కాల్చవలెను, తక్కినవానిని నీటి ధారతో కడుగవలెను. తలకు వాడు మందారపై పురుగు మందు చల్లరాదు.

గోరింట: ఇందలి లాసోన్ అను రంగు పదార్థము వెండ్రుకకు అంటి ఎరుపు కలిసిన రంగునిచ్చును. గోరింట ఒక్కటే నల్లరంగు నీయదు. "నల్ల గోరింట" పేర అమ్ము పొడులలో పారాఫినైలిన్‌డయమీన్ అను రసాయనము కలుపుట కలదు. దానివలన కొందరికి నెత్తిపై బొబ్బలు, ముఖము వాపు కలుగును. పొట్లముపై ఏమి వ్రాసియున్నదో చదివి కొనవలెను. పసిబిడ్డలకు గోరింట పూయరాదు. కొందరు శిశువులలో రక్తకణములు చితికి కామెర్లు రావచ్చును.

పేలకు పురుగు మందు పూయరాదు

ఈ వ్యాసములో అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇది. ఒక పల్లెలో ఒక తల్లి, బడికి పోవు తన కూతురి తలలో పేలు ఎంతకును తగ్గక, మిరప తోటకు తెచ్చి మిగిలిన పురుగు మందును కొబ్బరి నూనెలో కలిపి బిడ్డ తలకు పూసినది. ఒక గంటలోనే ఆ బిడ్డకు నోట చొంగ కారి, చెమటలు పట్టి, వాంతులై, కండ్లలోని పాపలు సూది మొనలంతగా చిన్నవైనవి. వెంటనే ఆసుపత్రికి చేర్చిరి గనుక బ్రతికినది. ఆ తల్లి అజ్ఞానము వలన గాని నిర్లక్ష్యము వలన గాని చేసిన పని కాదది. "పైరు మీద పురుగు చచ్చింది గదా, పేను చావదా అనుకొన్నానండీ" అని ఏడ్చినది. మందు సీసాను మనము ఇంటిలో, చేతికందు చోట ఉంచుట అసలు తప్పు.

పైరు మందులలో పలువిధముల ద్రావకములు కూడ కలిసి ఉండును. నెత్తి చర్మము మందును లోనికి పీల్చును, నూనె కలిపినచో మరింత త్వరగా పీల్చును. బిడ్డ శరీరము చిన్నది గనుక కొద్ది మోతాదే ప్రాణాపాయము. పేలకు వైద్యులు ఇచ్చు పెర్మెత్రిన్ ఒక శాతపు ద్రవము వేరు, పేరులో పోలిక గల పైరు మందు వేరు. ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. పూర్వము డి.డి.టి., బి.హెచ్.సి. పొడులను తలకు చల్లిన రోజులుండెను. మన దేశమున వ్యవసాయములో డి.డి.టి. వాడకము 1989లోను, బి.హెచ్.సి. 1997లోను నిషేధింపబడినవి. ఆ పాత అలవాటును ఈనాటి మందులతో కొనసాగించరాదు.

సీతాఫలపు గింజలను నూరి తలకు పెట్టుటయు కలదు. ఆ పొడి కంటిలో పడిన నల్లగ్రుడ్డు పై పొర దెబ్బతిని తీవ్రమైన బాధ, చూపు మసక కలుగును. దానినీ మానవలెను. వేపనూనె పైపూతకే గాని పిల్లల నోటిలోనికి పోనీయరాదు.

మరి ఏమి చేయవలెను? తలను తడిపి, నూనె గాని మందార జిగురు గాని రాసి, సన్నని పండ్లు గల ఈరుపెనతో కుదుళ్ళ నుండి కొనల వరకు పాయపాయగా దువ్వవలెను. రెండు మూడు దినముల కొకసారి చొప్పున రెండు వారములు విడువకుండ చేయవలెను. ఈరులు 7–10 దినములలో పొదుగును గనుక ఒక్కసారి దువ్వి ఊరకుండిన లాభము లేదు. ఇంటిలో అందరి తలలు చూడవలెను. దిండు గలేబులను, తువాళ్ళను వేడినీట ఉతికి ఎండవేయవలెను. తగ్గనిచో ఆరోగ్య కేంద్రములో చూపింపవలెను.

పొరపాటున పైరు మందు తలకు పూసినచో క్షణమైనను ఆలస్యము చేయక తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో, ధారాళమైన నీటితో తలను, ఒంటిని కడుగవలెను. కడుగువారు చేతులకు తొడుగులు గాని ప్లాస్టిక్ సంచులు గాని తొడుగుకొనవలెను. 108కి ఫోను చేసి, మందు సీసాను చీటీతో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏ మందో తెలిసినప్పుడే వైద్యులు తగిన విరుగుడు త్వరగా ఇయ్యగలరు.

గ్రామోద్యోగులకు మనవి

రైతులతో సమావేశమైనప్పుడు ఐదు నిమిషములు ఈ సంగతికి కేటాయింపుడు. బడిలో ఉపాధ్యాయులను, ఆశా కార్యకర్తలను కలిసి పేలు గల పిల్లల తల్లులకు ఈరుపెన వాడు విధము చూపింపుడు. బిడ్డను పదిమందిలో నిలిపి అవమానింపరాదు. పేలు మురికి వలన గాక తలకు తల తగులుట వలన ప్రాకును. మందు సీసాలకు తాళము వేసిన పెట్టె ప్రతి ఇంట ఉండవలెను. వాడిన సీసాలను పగులగొట్టి లోతుగా పాతుట గాని, తిరిగి తీసికొను ఏర్పాటున్న చోట అప్పగించుట గాని చేయవలెను. వానిలో తలనూనె గాని వంటనూనె గాని పోయరాదు.

రామాపురపు పెద్దమ్మకు ఇప్పుడు నా జవాబు ఇది: అమ్మా, గట్టున మందు పడినచో ఆ ఆకు కోయకండి. మీ పెరటిలో గజము నేలలో నాలుగు కణుపులు నాటండి. రెండు నెలలలో మీ సీసాకు చాలినంత ఆకు వచ్చును. గట్టున కలుపుగా పెరుగు మొక్కయే మడిలో మూలికగా పెరుగును. మొక్క ఒక్కటే, తేడా అంతయు మనము దానిని పెంచిన చోటులో, కోసిన జాగ్రత్తలో ఉన్నది.